ఇంజిన్ మిగిలినా విజ్ఞానం మిగలాలి

కడోదరా (సూరత్): సూరత్ శివార్లలోని కడోదరా మరమగ్గాలకు, జాతీయ రహదారి రద్దీకి పేరు. ఇక్కడికి దక్షిణాన ఉన్న బిలిమోరా నుంచి డాంగ్ అడవుల అంచున ఉన్న వఘాయీ వరకు 63 కిలోమీటర్ల న్యారోగేజ్ మార్గం నేటికీ డీజిల్ ఇంజిన్లపైనే ఆధారపడి ఉంది. 1913లో బరోడా సంస్థానం ఆరంభించిన ఈ మార్గాన్ని మూసివేయాలన్న ప్రతిపాదన 2020లో వచ్చింది. స్థానికుల వ్యతిరేకత తర్వాత 2021లో రైలు మళ్లీ కదిలింది. మార్గం నిలిచింది సరే, దానిపై నడిచే పాత ఇంజిన్లను ఎవరు, ఏ పత్రాల ఆధారంగా నిలబెడతారన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న ఒక్క గుజరాత్‌ది కాదు. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో 99 శాతానికి పైగా విద్యుదీకరణ పూర్తయింది. కాజీపేట, గుత్తి, విశాఖపట్నం వంటి షెడ్లలో దశాబ్దాలుగా డీజిల్ ఇంజిన్లను విప్పి బిగించిన కార్మికుల తరం పదవీ విరమణ చేస్తోంది.

అమెరికా సంస్థ ఆల్కో నుంచి 1962లో డబ్ల్యూడీఎం-2 ఇంజిన్లు దిగుమతి అయ్యాయి. వాటి తయారీని వారణాసి కర్మాగారం 1964లో ప్రారంభించింది. 16 సిలిండర్లు, 2,600 అశ్వశక్తి గల ఆ నమూనా దేశీయ రైల్వేకు వెన్నెముకగా నిలిచింది. 1969లో ఆల్కో మూతపడినా భారత్‌కు ఇబ్బంది కలగలేదు. సాంకేతిక బదిలీ ఒప్పందంతో డ్రాయింగులు, లక్నోలోని ఆర్‌డీఎస్‌ఓ పరిశోధన, షెడ్లలో ‘వైట్ మాన్యువల్’గా పేరొందిన నిర్వహణ గ్రంథం మనకు తోడ్పడ్డాయి.

అయితే పుస్తకం ఒక్కటే చాలదు. ఏళ్ల తరబడి సాగిన మార్పులతో ఇంజిన్లు మూల నమూనాకు దూరమయ్యాయి. వాక్యూమ్ బ్రేకులతో వచ్చిన డబ్ల్యూడీఎం-2లు తర్వాత ఎయిర్ బ్రేకులకు మారడమే ఇందుకు ఉదాహరణ. అందువల్ల పాత మాన్యువల్‌తో పాటు ఆయా ఇంజిన్ మార్పుల చరిత్ర కూడా అవసరం. ఆవిరి ఇంజిన్ భాగాన్ని నైపుణ్యం గల కమ్మరి పోతపోసి సరిచేయగలడు. డీజిల్ ఇంజెక్షన్ పంపు, గవర్నర్, టర్బోఛార్జర్ విషయంలో అది కుదరదు. సూక్ష్మమైన కొలతలు, పరీక్షా బల్లలు, సరైన డ్రాయింగులు ఉంటేనే పని సాగుతుంది.

ఆవిరి ఇంజిన్లకు రేవాడి షెడ్ ఆశ్రయమైంది. పాత డీజిల్ ఇంజిన్లకూ అటువంటి ఏర్పాటు కావాలి. ఇందుకు భారీ వ్యయం అక్కర్లేదు. షెడ్ల బీరువాల్లోని మాన్యువళ్లు, విడిభాగాల జాబితాలు, మార్పుల ఉత్తర్వులను స్కాన్ చేసి ఒకే భాండాగారంలో చేర్చాలి. తుక్కుకు పంపే ఇంజిన్ల నుంచి పనికొచ్చే భాగాలను వేరుచేసి భద్రపరచాలి. విరమణ పొందుతున్న మెకానిక్‌ల చేతి అనుభవాన్ని వీడియోల్లో నమోదు చేయాలి. డ్రాయింగులు అందుబాటులోకి వస్తే రాజ్‌కోట్ వంటి ఇంజిన్ల తయారీ కేంద్రాల్లోని చిన్న పరిశ్రమలు కూడా కొన్ని భాగాలను తయారు చేయగలవు.

మ్యూజియంలో నిలిపిన ఇంజిన్‌కు రంగు వేస్తే సరిపోతుంది. బిలిమోరాలో ప్రయాణికులను మోసే ఇంజిన్‌కు అది సరిపోదు. షెడ్ల బీరువాలు ఖాళీ కాకముందే, పనిచేసిన చేతులు దూరం కాకముందే రైల్వే కదలాలి. ఆ తర్వాత ఎంత వెచ్చించినా పోయిన విజ్ఞానం తిరిగి రాదు.