లెక్క తెలిసినవారే లెక్క వ్రాయవలయును

ఆదాయపు పన్ను రిటర్నుల గడువు సమీపించునప్పుడు ఏటేట మన పట్టణములలో ఒకే దృశ్యము కానవచ్చుచుండును. బడిపంతుళ్లు, గుమాస్తాలు, పింఛనుపై జీవించు వృద్ధులు కాగితముల కట్ట చేతబట్టుకొని ఏదో యొక కంప్యూటరు దుకాణము ముందు నిరీక్షించుచుందురు. రిటర్ను దాఖలు చేసినందులకు ప్రభుత్వమువారు ఒక్క పైసయు పుచ్చుకొనుట లేదు. అయినను వీరిలో సొమ్ము ముట్టజెప్పకుండ ఇల్లు చేరువారు కొలదిమంది మాత్రమే. పేరునకు ఉచితమైన పని పేదవానికి ఖర్చుగా పరిణమించుచున్నది. దీనికి కారణమేమో విచారింపవలసియున్నది.

వీరు ఆ ఫారములో వ్రాయున దేమి? యజమాని యిచ్చిన జీత మెంత, బ్యాంకు ఇచ్చిన వడ్డీ యెంత, అందుండి ముందుగనే పట్టుకొనిన పన్ను ఎంత, అనునవే. ఈ మూడు సంగతులను యజమానియు, బ్యాంకును ప్రభుత్వమునకు ఇదివఱకే తెలిపియున్నారు. 2021 నవంబరు నుండి వార్షిక సమాచార పత్రమను పేరిట ఇట్టి వివరములు పన్నుశాఖవారి పోర్టలులో ఒక్కొక్కరి ఖాతాకు ఎక్కుచున్నవి. ఫారములో కొన్ని గడులను శాఖవారే ముందుగ నింపియుంచుచున్నారు. అనగా తమకు తెలిసిన సంగతినే ప్రజలచేత మరల చెప్పించుచు, చెప్పుటలో పొరపాటు దొరలినచో నోటీసు పంపుచున్నారన్న మాట. న్యాయస్థానమునందు సాక్షిని తెలియని సంగతి అడుగుదురు గాని, న్యాయమూర్తి బల్లపైనున్న దస్తావేజును కంఠపాఠముగ అప్పగింపు మనరు.

ఈ పన్ను మనకు పరప్రభుత్వము తెచ్చిపెట్టినది. 1857 తిరుగుబాటు వలన ఖజానా వట్టిపోగా 1860లో జేమ్సు విల్సను దొర దీనిని విధించెను. ఆ ఇంగ్లీషువారే తమ దేశమున 1944లో జీతమునుండియే పన్ను పట్టుకొను పద్ధతి నెలకొల్పిరి. అందువలన అచట జీతగాండ్రలో అత్యధికులు నేటికిని రిటర్ను వేయ నక్కరలేదు. డెన్మార్కునందు ప్రభుత్వమే ఏడాది లెక్క కట్టి పంపును; తప్పున్నచో పౌరుడు దిద్దును, లేనిచో ఊరకుండును. అచట సాధ్యమైనది ఇచట అసాధ్యమని ఎవరును చెప్పజాలరు.

పైగా ఇచట మార్గము మఱింత సుగమమైనది. 2024 జూలై 31 నాటికి దేశమున 7.28 కోట్ల రిటర్నులు దాఖలు కాగా, అందు 5.27 కోట్లు నూతన పద్ధతిని కోరుకొనినవి. ఈ పద్ధతియందు మినహాయింపులు మిక్కిలి స్వల్పము. జీతమును వడ్డీయు తెలిసినవానికి మిగిలినది కూడిక, తీసివేత మాత్రమే. 2026 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన నూతన చట్టము 819 సెక్షన్లను 536కు, 5.12 లక్షల మాటలను 2.6 లక్షలకు తగ్గించినదని ప్రభుత్వమువారు చెప్పుకొనుచున్నారు. సంతోషమే. కాని చట్టమును చదువువాడు వకీలు. ఫారము నింపువాడు గుమాస్తా. వకీలు పని సగమైనంతమాత్రమున గుమాస్తా భారము తీరలేదు.

ఈ చిక్కువలన నష్టపడువా రెవ్వరో చూడుడు. భర్తను పోగొట్టుకొనిన యొక స్త్రీ చేతనున్న సొమ్మును బ్యాంకులో వేసి, ఏడాదికి వచ్చు 80,000 రూపాయల వడ్డీతో కాలము గడుపుచున్నదనుకొందము. అరువది యేండ్లు నిండనివారికి వడ్డీ 50,000 దాటినచో నూటికి 10 వంతున బ్యాంకు పన్ను పట్టుకొనవలయునని 2025 ఏప్రిల్ నాటి నిబంధన. ఆ లెక్కను 8,000 రూపాయలు పోవును. ఆమె ఆదాయమునకు అసలు పన్నే లేదు. ముందుగ బ్యాంకునకు ధ్రువపత్ర మిచ్చియున్నచో ఆ కోత తప్పెడిది; ఆ మాట ఆమెకు చెప్పువారు లేరైరి. ఇప్పుడు తన సొమ్ము తాను పొందుటకు రిటర్ను వేయవలయును. వేయలేనిచో ఒక నెల గ్రాసమును మించిన సొమ్ము సర్కారు ఖజానాలోనే నిలిచిపోవును. లక్షాధికారికి ఆడిటరు గలడు. ఈమెకు ఎవరు గలరు?

తెలియమి యున్నచోట దళారి పుట్టును. పెద్ద రీఫండు ఇప్పింతుమని ఆసపెట్టి, లేని చందాలను, కట్టని అద్దెలను రిటర్నులో వ్రాసి, వచ్చినదానిలో వాటా తీసికొను ముఠాలు బయలుదేరినవి. 2025 జూలైలో పన్నుశాఖవారు ఇట్టివారి విషయమై దేశమున 150 చోట్ల తనిఖీలు జరిపిరి. దళారి దొరకకపోవచ్చును; రిటర్ను క్రింద పేరున్న అమాయకుడు మాత్రము జవాబు చెప్పుకొనవలసినదే.

తమ లెక్క తాము వ్రాసికొనినగాని ప్రజలకు బాధ్యత అలవడదని కొందఱు వాదింతురు. చదువనేరని ఫారములో పరులచేత అంకెలు వ్రాయించుకొనుట బాధ్యత యెట్లగును? తన భాషలో తన లెక్కను చదివి, సరియని యొప్పుకొనుటయో, కాదని దిద్దుటయో బాధ్యత. వ్యాపారులకు, ఇండ్లు భూములు అమ్మినవారికి ఈ పద్ధతి చాలదని వేఱొకరు చెప్పుదురు. నిజమే. వారికి ఇప్పటి పద్ధతియే యుండనిండు. కొందఱికి చాలదని అందఱికిని నిరాకరించుట న్యాయము కాదు.

అమెరికాలోని మన తెలుగువారు ఎఱిగిన సంగతి యొకటి గలదు. అచటి ప్రభుత్వము డైరెక్ట్ ఫైలు అను ఉచిత దాఖలు పద్ధతిని 2024లో 12 రాష్ట్రములందు ఆరంభించి, 2025లో 25 రాష్ట్రములకు విస్తరింపజేసెను. ఫారములు నింపి సొమ్ము గడించు కంపెనీలు దానిని మొదటినుండి వ్యతిరేకించినవి. 2026 నాటికి ప్రభుత్వమే దానిని మూసివేసినది. అధికారుల అనుగ్రహముగ వచ్చినది అధికారుల ఆగ్రహముతో పోవును. చట్టమున వ్రాసిన హక్కు అంత సులభముగ పోదు.

కావున మేము కోరునది ఇది. జీతము, పింఛను, వడ్డీ మాత్రమే గలవారికి ప్రభుత్వమే లెక్క కట్టి, తెలుగువారికి తెలుగున పంపవలయును. రావలసిన సొమ్మును అడుగకయే ఖాతాలో వేయవలయును. తప్పు దిద్దుకొనుటకు తగిన వ్యవధి నీయవలయును. ఇదంతయు చట్టమునందే చేర్పవలయును. 75 ఏండ్లు దాటి, పింఛనును వడ్డీయు ఒకే బ్యాంకునుండి పొందువారికి ఆ బ్యాంకే లెక్క చూచి పన్ను కట్టునట్లు 2021లో ప్రభుత్వమే యొప్పుకొనినది. ముసలివానికి ధర్మమైనది వయసువానికి అధర్మ మెట్లగును?

పన్ను స్వరాజ్యమునకు ప్రాణము. మేము పన్ను మానుమని చెప్పుట లేదు. మధ్యవర్తికి కట్టు పన్నును మాన్పుడని చెప్పుచున్నాము. ఈ కోరికను పఠనమందిరములందు చర్చించి, మీ మీ పార్లమెంటు సభ్యులకు వ్రాయుడు.