విరూపణ్ణ కళ్లు

హిందూపురం నుంచి లేపాక్షి సుమారు 15 కిలోమీటర్లు. ఏకశిలా నంది దగ్గర ఫొటో దిగి, వేలాడే స్తంభం కింద నుంచి తువ్వాలు లాగి చూసి, జనం నేరుగా వెళ్లేది అసంపూర్తిగా మిగిలిన కల్యాణ మంటపం వైపు. ఆ పక్క గోడ మీద రెండు ఎర్రటి మరకలుంటాయి. 'ఇవే విరూపణ్ణ కళ్లు' అని గైడు చెప్పగానే పిల్లలు అమ్మ కొంగు పట్టుకుంటారు.

కథ ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. విరూపణ్ణ విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల దగ్గర కోశాధికారి. పెనుకొండలో ఉద్యోగం. రాజుగారు లేని సమయం చూసి ఖజానా సొమ్ముతో వీరభద్రుడి గుడి కట్టించాడట. తిరిగొచ్చిన రాయలు మండిపడి కళ్లు పీకించమన్నాడట. ఆ కబురు చెవిన పడగానే విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడట. మంటపం ఆగిపోయింది అందుకేనంటారు. ఊరి పేరు కూడా ఆ కళ్ల నుంచే వచ్చిందంటారు. (పడి ఉన్న జటాయువును రాముడు 'లే పక్షీ' అన్నాడనే కథ వేరే ఉంది. ఒక్క పేరుకి రెండు కథలు!)

సరే, అదే గుడిలో విరూపణ్ణ కళ్లు ఇంకోచోట కూడా ఉన్నాయి. కాస్త తలెత్తి చూడాలంతే. లోపలి మంటపం పైకప్పు మీది రంగుల బొమ్మల్లో విరూపణ్ణ, అతని తమ్ముడు వీరణ్ణ కనిపిస్తారు. తలమీద పొడవాటి కుళ్లాయి, ఒంటిమీద విజయనగర కొలువు దుస్తులు, వెంట పరివారం. దేవుడి ముందు భక్తిగా నిలబడ్డారు. మనుషుల్ని పక్కకు తిరిగినట్టు గీసి కళ్లు మాత్రం పెద్దవిగా దిద్దడం అక్కడి చిత్రకారుల పద్ధతి. విరూపణ్ణ కళ్లూ అంతే... పెద్దవి, తెరిచి ఉన్నవి.

ఇది అచ్చంగా అతని ముఖమేనా? చెప్పడం కష్టం. ఆ రోజుల్లో రాజుకైనా ఉద్యోగికైనా ముఖం దాదాపు ఒకే మూసలో పడేది. తిరుమలలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించిన శ్రీకృష్ణదేవరాయల విగ్రహాన్నే చూడండి. రాయల ముఖాన మశూచి మచ్చలున్నాయని పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాసిపెట్టాడు. విగ్రహంలో ఆ మచ్చలేవీ?

మనకి నచ్చిన మనిషి ముఖం ఎలా ఉండేదో తెలుసుకోవాలన్న ఆరాటం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. అమెరికాలో మార్మన్ మతశాఖను స్థాపించిన జోసెఫ్ స్మిత్‌ను 1844 జూన్ 27న కార్తేజ్ జైల్లో ఓ మూక కాల్చి చంపింది. చనిపోయాక ముఖం నుంచి తీసిన అచ్చు ఉంది. బతికుండగా వేసిన రంగుల చిత్రమూ ఉంది. అయినా ఆరాటం తీరలేదు. వారసుల ఇంట్లోని ఓ లాకెట్‌లో చిన్న ఫొటో దొరికిందని 2022లో బయటపడేసరికి, అది ఆయనదేనా కాదా అని పెద్ద చర్చే నడిచింది.

మన విరూపణ్ణ బొమ్మ గురించి అంత చర్చ ఎన్నడూ జరగలేదు. జరగాల్సింది. ఎందుకంటే ఆ బొమ్మ కథకు అడ్డం వస్తుంది. ఖజానా కాజేశాడని రాజు కళ్లు పీకించబోయేంత కోపంలో ఉంటే, గుడి నడిబొడ్డున దర్జాగా నిలబడ్డ ఆ బొమ్మను చెరిపించకుండా వదిలేస్తాడా? గుడిలోని కన్నడ శాసనాలు కూడా 1530లలో అచ్యుతరాయల ఏలుబడిలో దేవుడికి జరిగిన దానాల గురించే చెబుతాయి. పైగా పెనుకొండ అప్పటికే విజయనగరానికి ముఖ్యమైన కోట. 1565 యుద్ధంలో ఓడాక రాజధానే అక్కడికి మారింది. అంత పెద్ద కోటకు దగ్గర్లో, కొండరాతిని నందిగా మలిచేంత పని రాజుకు తెలియకుండా సాగిందంటే నమ్మేదెలా!

కళ్ల సంగతి ఎలా ఉన్నా, విరూపణ్ణ చేయించిన పని మాత్రం ఇల్లిల్లూ చేరింది. లతా మంటపం స్తంభాల మీది తీగలూ పూలూ, పైకప్పు బొమ్మల్లోని చీరల అంచులూ ధర్మవరం మగ్గాల మీదికెక్కాయి. పెళ్లికి ధర్మవరం పట్టుచీర తీసుకున్న ఎంతమందికి తెలుసో, ఆ అంచులో లేపాక్షి ఉందని! ప్రభుత్వ హస్తకళల దుకాణాలకూ ఆ ఊరి పేరే పెట్టారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ 'గోల్కొండ' అని పెట్టుకుంది గానీ ఆంధ్రలో ఇప్పటికీ 'లేపాక్షే'. 2022లో వీరభద్రాలయం, నంది యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి.

పైకప్పు మీద మాత్రం రంగులు వెలిసిపోతున్నాయి. అక్కడక్కడా గచ్చు పెచ్చులూడి బొమ్మలు సగంలో తెగిపోయాయి. ఆ కింద ఆగి చూసేవాళ్లు తక్కువే. గోడ మీది ఎర్ర మరకల దగ్గర మాత్రం సెలవురోజుల్లో నిలబడటానికి చోటుండదు.