దీవుల తీగ తోటలకు మొక్కతో వచ్చే ముప్పు

అమెరికాలోని కాలిఫోర్నియా ద్రాక్ష తోటలను కలవరపెట్టిన ఒక పురుగు, 1999లో పసిఫిక్ మహాసముద్రం నడుమనున్న తహితి దీవిలో కనిపించింది. అది ‘గ్లాసీ వింగ్డ్ షార్ప్‌షూటర్’ అనే దోమజాతి పురుగు. ద్రాక్ష సాగు పెద్దగా లేని ఆ దీవికి, వేల కిలోమీటర్ల సముద్రం దాటి, అది రెక్కలతో ఎగిరి వచ్చి ఉండదు. ఆకు పొర కింద గుడ్లు పెట్టడం దాని అలవాటు. అలాంటి ఆకులున్న మొక్కలతో పాటే అది ప్రయాణించిందని శాస్త్రవేత్తలు భావించారు. ద్రాక్ష అన్నదే ఎరుగని అండమాన్ పల్లెలకు సైతం ఈ అనుభవంలో నేర్చుకోవలసిన పాఠం ఉంది.

కాలిఫోర్నియాలో నష్టానికి కారణం కేవలం పురుగు కాదు, అది మోసుకొచ్చే జైలెల్లా అనే సూక్ష్మజీవి. పురుగు రసం పీల్చేటప్పుడు ఆ జీవి తీగలో నీరు ప్రవహించే నాళాలలోకి చేరి వాటిని మూసివేస్తుంది. వేళ్ల చుట్టూ తేమ ఉన్నా ఆకులు అంచుల నుంచి మాడిపోతాయి. కొన్నేళ్లకు తీగ చనిపోతుంది. ఇదే పియర్స్ తెగులు. ఇది 1880లలోనే అక్కడి ద్రాక్షను దెబ్బతీసింది. అయితే 1990ల చివరలో, చురుకుగా ఎగిరే ఈ కొత్త పురుగు తోడై, టెమెక్యులా లోయలో తోటలకు తోటలే ఎండిపోయాయి. తెగులు సోకిన తీగను బాగుచేసే మందు నేటికీ రైతు చేతికి అందలేదు.

ఇప్పుడు దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ వైపు చూడాలి. ఈ ప్రాంతపు పల్లెలలో కొబ్బరి, పోక తోటలే ప్రధాన ఆధారం. ఆ చెట్ల మొదళ్లకు మిరియపు తీగను పాకించుకుంటే అదే నేలలో రెండవ రాబడి వస్తుంది. ద్రాక్షకు షార్ప్‌షూటర్ ఎలాంటిదో, మిరియానికి పిండినల్లి, పేనుబంక అలాంటివి. మిరియపు తీగను గిడసబార్చే తెగులుకు రెండు వైరస్‌లు కారణమని కోళికోడ్‌లోని భారత సుగంధద్రవ్యాల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గుర్తించారు. ఒకటి పిండినల్లి ద్వారా, మరొకటి పేనుబంక ద్వారా వ్యాపిస్తాయి. ఆకులు చిన్నవై, పసుపు మచ్చలు పడి, కణుపుల మధ్య దూరం తగ్గి, గెలలు పొట్టివవుతాయి. తీగ వెంటనే చావదు. నిలిచే ఉండి, ఏటికేడు కాపు తగ్గిస్తూ పోతుంది.

ఇక్కడే రైతు పొరబడే అవకాశం ఉంది. ఎదగని తీగను చూసి ఎరువు చాలలేదని అనుకోవడం సహజం. పురుగు కనబడితే మందు కొట్టడమూ సహజమే. కానీ పేనుబంక ఈ వైరస్‌ను కొన్ని సెకన్లలోనే అంటించగలదు. మందు పనిచేసేలోపే తెగులు మరో తీగకు చేరుతుంది. ఆడ పిండినల్లికి రెక్కలు లేవు. తీగకు తీగ తగిలిన చోట పాకుతుంది. తీపి రసం కోసం దాన్ని కాపాడే చీమలు ఒక మొక్క నుంచి మరొక మొక్కకు మోసుకుపోతాయి. అంటే పురుగు తెగులును ఎక్కువగా తోటలోపలా, చుట్టుపక్కలా తిప్పుతుంది. దూరపు తోటకు, తీరం నుంచి దీవికి దాన్ని ప్రధానంగా చేర్చేది మనిషి కోసి ఇచ్చిన తీగ ముక్కే. మిరియాన్ని సాధారణంగా ముక్కలు నాటే పెంచుతారు కనుక, తల్లి తీగలోని వైరస్ పిల్ల తీగలన్నింటికీ దిగుతుంది.

ఈ ప్రశ్న అండమాన్ తెలుగువారికి మరింత దగ్గరిది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. ఎన్నో కుటుంబాల మూలాలు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో ఉన్నాయి. విశాఖ, చెన్నై, కోల్‌కతా ఓడరేవుల నుంచి శ్రీ విజయ పురానికి, అంటే పూర్వపు పోర్ట్ బ్లెయిర్‌కు, ఓడలు నడుస్తాయి. సొంతూరి నుంచి వచ్చేవారు ఒక అరటి పిలకో, పూల మొక్కో వెంట తెచ్చుకోవడం ఆప్యాయతతో చేసే పని. కానీ ఒక్క పిలక చాలు. కొబ్బరిని పట్టిన సర్పిలాకార తెల్లదోమను 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో గుర్తించారు. కొద్ది కాలానికే అది గోదావరి జిల్లాల తోటలలో కనిపించింది. మొక్కల రవాణా ఎంత వేగంగా పురుగును మోస్తుందో దీనివల్ల తెలుస్తుంది.

చట్టాలు లేకపోలేదు. విదేశాల నుంచి వచ్చే మొక్కలకు 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు వర్తిస్తుంది. దేశంలోపల ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి రవాణాను నియంత్రించే అధికారాన్ని 1914 నాటి హానికర కీటకాలు, తెగుళ్ల చట్టం కేంద్రానికి ఇస్తోంది. అయితే దేశీయ ప్రయాణికుని సంచిలోని మొక్కను ప్రతిసారీ పట్టుకోవడం ఏ తనిఖీకైనా కష్టమే. అందువల్ల ఆరోగ్యకరమైన నారు దీవులలోనే దొరికేలా చేయడం తనిఖీ కంటే ముఖ్యం. తల్లి తీగలలో వైరస్‌ను కనిపెట్టే పరీక్షలు ఇప్పటికే అందుబాటులో ఉన్నాయి. 1978 నుంచి ఇక్కడ పనిచేస్తున్న కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ, ప్రభుత్వ నర్సరీలు కలిసి పరీక్షించిన తీగలనే పంచగలిగితే, బయటి ముక్క అవసరమే తగ్గుతుంది.

మిగిలినది రైతు వంతు. గిడసబారిన తీగను వేళ్లతో పీకి కాల్చివేయాలి. దాని నుంచి ముక్కలు కోయరాదు. చీమల పుట్టలను అదుపులో ఉంచాలి. చెప్పినంత తేలిక కాదిది. కొత్త తీగ కాపుకు రావడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. అంతో ఇంతో కాస్తున్న తీగను పీకడానికి చిన్న రైతుకు మనసొప్పదు. ఆ ఆలస్యమే తెగులుకు ఊతం. తొలగించిన ప్రతి తీగకు బదులుగా పరీక్షించిన మొక్కను ఉచితంగా ఇస్తే ఆ సంకోచం తగ్గుతుంది.

తహితిలో చివరకు ఆ పురుగు గుడ్లను తినే పరాన్నజీవి కందిరీగను 2005లో విడుదల చేయగా, దాని సంఖ్య 90 శాతానికి పైగా పడిపోయింది. పురుగుకు అలాంటి విరుగుడు దొరకవచ్చు. తీగలోకి చేరిన వైరస్‌కు మాత్రం అది కూడా లేదు. చౌల్దారీ వంటి పల్లెలకు సముద్రమే సహజమైన కంచె. ఓడ దిగే మొక్క విషయంలో జాగ్రత్త వహిస్తేనే ఆ కంచె నిలుస్తుంది.