అప్పగింతల కాగితాలు

పెళ్ళిలో అప్పగింతలు ఒక్కసారే జరుగుతాయని మనం అనుకుంటాం. పిల్ల చేతులు పాలల్లో ముంచి, అత్తమామల చేతుల్లో పెట్టి, 'ఇక మీ పిల్ల' అనిపించే ఆ తంతు మీద స్త్రీవాదులం కావలసినంత రాశాం. కన్యాదానం మీద, కట్నం మీద, ఇంటిపేరు మీద రాశాం. కానీ పెళ్ళయిన తర్వాత ఏడాదికో రెండేళ్ళకో రాజ్యం సమక్షంలో, ఇంగ్లీషులో, సంతకాల సాక్షిగా జరిగే రెండో అప్పగింత గురించి నేను చదివినంతలో మనం రాసింది చాలా తక్కువ. దాని పేరు స్పాన్సర్‌షిప్.

నేను ఇప్పుడు ఆ రెండో అప్పగింత చివరి మెట్టు మీద ఉన్నాను. నాకు 34 ఏళ్ళు. గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లో స్త్రీలు పత్రికలకు రాసిన వ్యాసాల మీద డాక్టరేట్ చేశాను. కాంట్రాక్టు లెక్చరర్‌గా పాఠాలు చెప్పాను. భర్త టొరంటో దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. మెడికల్ అయిపోయింది, పోలీస్ క్లియరెన్స్ వచ్చింది, పాస్‌పోర్టు పంపమని ఉత్తరం కూడా వచ్చింది. బంధువులందరూ 'ఇంకేం, అదృష్టవంతురాలివి' అంటున్నారు. ఈ వ్యాసం ఆ 'అదృష్టం' అనే మాట మీద నా అభ్యంతరం.

ముందు మాట దగ్గర మొదలుపెడదాం. స్పాన్సర్ అంటే మన ఇళ్ళల్లో క్రికెట్ టోర్నమెంటుకు డబ్బిచ్చేవాడని అర్థం. తెలుగులో దీనికి సరైన మాట పూచీ. అప్పు తీసుకునేవాడికి పూచీ కావాలి, బెయిలు మీద వచ్చే ముద్దాయికి పూచీకత్తు కావాలి. విదేశానికి వెళ్ళే భార్యకూ కావాలి. కెనడా చట్టం ప్రకారం భార్యను గానీ భర్తను గానీ పిలిపించుకునే మనిషి మూడేళ్ళ పాటు ఆమె లేదా అతని పోషణకు హామీ పత్రం రాసివ్వాలి. ఆ కాలంలో ఆమె ప్రభుత్వ సహాయం తీసుకుంటే ఆ డబ్బు అతని దగ్గర వసూలు చేస్తారు. దాంతోపాటు ఇద్దరూ కలిసి ఒక ఒప్పందం మీద సంతకం పెడతారు. అంటే పన్నెండేళ్ళుగా తన సంపాదన మీద తను బతికిన స్త్రీ ఒకరోజు కూర్చుని, నా తిండికీ బట్టకూ ఫలానా ఆయన బాధ్యుడు అన్న కాగితం మీద సంతకం చేస్తుంది. పదిహేనేళ్ళ పిల్లకు గార్డియన్ సంతకం అడిగినట్టు.

చట్టం భార్య అనలేదు కదా, 'స్పౌజ్' అంది కదా అని వెంటనే అంటారు. నిజమే. మగవాళ్ళు కూడా ఇలా వెళ్ళవచ్చు, వెళ్తున్నారు కూడా. కానీ చట్టం లింగభేదం చూపనంత మాత్రాన అది నడిచే నేల సమతలంగా ఉందని కాదు. మన సమాజంలో పెళ్ళయ్యాక ఇల్లు మారేది ఎవరు? పెళ్ళిచూపుల నాటికి ఎవరి జీతం ఎక్కువ ఉండాలని చూస్తాం, ఎవరి వయసు తక్కువ ఉండాలని చూస్తాం? ఆ ఏర్పాటంతా మనం ఇక్కడే చేసి పంపిస్తే, అక్కడి ఫారం దాన్ని యథాతథంగా తీసుకుని ముద్ర వేస్తుంది. పితృస్వామ్యానికి ఒక గడి ఖాళీగా ఉంచితే చాలు, అందులో ఎవరి పేరు రాయాలో మనమే నింపి ఇస్తాం.

మాది రిజిస్టర్ పెళ్ళి. పురోహితుడు లేడు, కట్నం లేదు, తాళి లేదు. ఉద్యోగం ఎవరు వదలాలి అన్న ప్రశ్న నేను వేశాను. జవాబుగా లెక్కలు వేసి చూపించారు. ఆయన నెల జీతం నా ఏడాది కాంట్రాక్టు జీతం కంటే ఎక్కువ. లెక్కలో తప్పేమీ లేదు. కానీ ఆ లెక్క అలా రావడానికి కారణాలు ఉన్నాయి. విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ పోస్టులు ఏళ్ళ తరబడి నింపకుండా వదిలేసి, పీహెచ్‌డీలు చేసినవాళ్ళను గంటల లెక్కన, సెమిస్టర్ల లెక్కన పెట్టుకోవడం ఒక కారణం. భాషా సాహిత్యాలు ఆడపిల్లల సబ్జెక్టులనీ, వాటికి జీతం లేకపోయినా ఫరవాలేదనీ అనుకోవడం ఇంకో కారణం. మన ఆదర్శ వివాహాలు పురోహితుణ్ణి తీసేశాయి, అప్పగింతలను తీసెయ్యలేదు.

ఇక ఫారాల సంగతి. సాహిత్య పరిశోధకురాలిని కాబట్టి నేను వాటిని పాఠ్యాలుగానే చదివాను. అందులో ఒక పేజీ గత పదేళ్ళ జీవితాన్ని నెలలతో సహా, మధ్యలో ఒక్క ఖాళీ లేకుండా చెప్పమంటుంది. నా పదేళ్ళలో పద్నాలుగు నెలలు మా నాన్నకు పక్షవాతం వచ్చి మంచం మీద ఉన్నారు. ఆయన్ని లేపడం, స్నానం చేయించడం, ఫిజియోథెరపీకి తీసుకెళ్ళడం నేనే చేశాను. రాత్రిళ్ళు ఆయన మంచం పక్కన కూర్చుని నా మొదటి అధ్యాయం రాశాను. ఆ పద్నాలుగు నెలలకు ఏం రాయాలని ఫైలు చూసే కన్సల్టెంటును అడిగితే 'అన్‌ఎంప్లాయిడ్ అని పెట్టేయండి మేడమ్, సింపుల్‌గా ఉంటుంది' అన్నాడు. నేను 'తండ్రి సంరక్షణ' అనే రాశాను. ఇంటి చాకిరీకి విలువ కట్టమని స్త్రీవాదం ఇన్నేళ్ళుగా అడుగుతోంది. విలువ మాట తర్వాత, ముందు దానికి ఒక పేరైనా పెట్టాలి కదా.

ఇంకో ఫారం మా పెళ్ళి నిజమైనదేనని రుజువు చేయమంటుంది. ఎవరు పరిచయం చేశారు, మొదట ముఖాముఖి ఎప్పుడు కలుసుకున్నారు, పెళ్ళికి ఎవరెవరు వచ్చారు, రెండు కుటుంబాలకూ తెలుసా? కేవలం వలస కోసం చేసుకున్న పెళ్ళిని చట్టం ఒప్పుకోదు, అది అర్థమవుతుంది. కానీ 'నిజం' ఎలా ఉంటుందని వాళ్ళ ఊహ? పది మంది స్నేహితుల మధ్య రిజిస్ట్రార్ ఆఫీసులో దండలు మార్చుకున్న మా ఫోటోలు చూసి ఆ కన్సల్టెంటే పెదవి విరిచాడు. 'రిసెప్షన్ లేదా? తాళి కనపడే ఫోటో ఒక్కటి లేదా? పెద్దవాళ్ళతో గ్రూప్ ఫోటో?' ఆర్భాటంగా, కట్నం పుచ్చుకుని, వెయ్యి మందికి భోజనం పెట్టి చేసిన పెళ్ళికి రుజువుల కొరత ఉండదు. ఆర్భాటం వద్దనుకున్నవాళ్ళే తమ పెళ్ళి పెళ్ళేనని సంజాయిషీ చెప్పుకోవాలి. ఇక్కడి పెత్తందారీ ఆచారం అక్కడి ఆఫీసు బల్ల మీద ప్రామాణికతకు కొలబద్దగా మారిపోతోంది. ఈ మెలిక మనం గమనించాలి.

చదువుకూ ఇదే గతి. కెనడాలో నైపుణ్యం ఆధారంగా వలస వెళ్ళేవారిని 1200 పాయింట్లకు తూచే పద్ధతి ఒకటి ఉంది. జంటలో ప్రధాన దరఖాస్తుదారుకు డాక్టరేట్ ఉంటే చదువు కింద 140 పాయింట్లు ఇస్తారు. అదే డాక్టరేట్ వెంట వచ్చే స్పౌజ్‌కు ఉంటే 10. ఎం.ఏ. ఉన్నా అదే 10. మనిషి అదే, పట్టా అదే, సిద్ధాంత గ్రంథం అదే. దరఖాస్తులో ఆమె ఏ గడిలో కూర్చుందన్న దాన్ని బట్టి దాని విలువ పద్నాలుగో వంతుకు పడిపోతుంది. నేను వెళ్తున్న కుటుంబ విభాగంలో ఆ పది కూడా లెక్కకు రాదు. అక్కడ నేను భార్యను, అంతే.

ఈ చూపు ఈనాటిది కాదు. 1908లో కెనడా ప్రభుత్వం పుట్టిన దేశం నుంచి మధ్యలో ఆగకుండా నేరుగా ప్రయాణించి వస్తే తప్ప దిగనివ్వం అని నిబంధన పెట్టింది. మన దేశం నుంచి అలాంటి ప్రయాణం అసాధ్యమని తెలిసే పెట్టింది. వాంకోవర్ గురుద్వారా నాయకులు భాగ్ సింగ్, బల్వంత్ సింగ్ 1912లో కుటుంబాలతో తిరిగి వస్తే, మగవాళ్ళను దిగనిచ్చి భార్యలనూ పిల్లలనూ వెనక్కి పంపమన్నారు. పోరాటం తర్వాత హక్కుగా కాదు, దయగా మాత్రమే ఉండనిచ్చారు. భారతీయుల భార్యాపిల్లలు రావడానికి 1919లో గానీ అనుమతి రాలేదు. అప్పుడైనా ప్రశ్న 'అక్కడున్న మగవాడికి తన భార్యను తెచ్చుకునే హక్కు ఉందా' అన్నదే. ఆమెకు వచ్చే హక్కు ఉందా అని ఎవరూ అడగలేదు. వందేళ్ళు దాటినా వాక్యంలో కర్త మారలేదు.

నిబంధనలు ఆడవాళ్ళ ఒంటి మీద ఎలా పనిచేస్తాయో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2012లో కెనడా ఒక షరతు తెచ్చింది. కొత్తగా పెళ్ళై, పిల్లలు లేకుండా వచ్చే స్పౌజ్ రెండేళ్ళు స్పాన్సర్‌తో కలిసి ఉండకపోతే శాశ్వత నివాస హోదా పోవచ్చు. హింస ఉంటే మినహాయింపు అన్నారు, కానీ ఆ హింసను ఆమే నిరూపించుకోవాలి. కొట్టే మగవాడి చేతికి ప్రభుత్వమే బెత్తం ఇచ్చినట్టయింది. స్త్రీల సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. 2017లో ఆ షరతును ఎత్తేశారు. అమెరికాలో హెచ్-4 వీసా మీద వెళ్ళిన మన ఇంజనీర్లు, డాక్టర్లు, టీచర్లు ఏళ్ళ తరబడి వంటింట్లో కూర్చోవడం మనకు తెలుసు. 2015లో వారిలో కొందరికి పనిచేసే అనుమతి వచ్చింది, అది కూడా భర్త గ్రీన్‌కార్డు ఫైలు ఒక దశ దాటితేనే.

ఈ తేడాలు తెలియడం ముఖ్యం. కెనడాలో శాశ్వత నివాసిగా దిగిన రోజు నుంచే నాకు పనిచేసే హక్కు ఉంటుంది. విడిపోయినంత మాత్రాన ఆ హోదా పోదు. విడాకులైనా మూడేళ్ళ పూచీ రద్దు కాదు. 'నిన్ను వెనక్కి పంపించేస్తాను' అన్న భర్త బెదిరింపుకు అక్కడ దిగాక చట్టంలో బలం లేదు. కానీ దిగేదాకా? హోదా చేతికి రాకముందు స్పాన్సర్ ఎప్పుడైనా దరఖాస్తు ఉపసంహరించుకోవచ్చు. ఉద్యోగానికి రాజీనామా చేసి, ఇల్లు ఖాళీ చేసి, సామాను కట్టుకుని కూర్చున్న ఈ చివరి వారాల్లోనే ఆడమనిషి అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. నా సహచరుడు అలాంటివాడు కాదు. కానీ ఒక మనిషి మంచితనం మీద ఆధారపడేదాన్ని హక్కు అనలేం.

'స్త్రీవాదివి, డిపెండెంట్‌గా ఎలా వెళ్తున్నావ్?' అని మిత్రులు కొందరు అడిగారు. ఈ ప్రశ్న వెళ్ళే స్త్రీనే ఎందుకు అడుగుతారు? పిలిపించుకునే అభ్యుదయవాదిని 'నువ్వెందుకు తిరిగి రావు?' అని ఎవరూ అడగలేదు. నేను ఆయనతో కలిసి బతకాలనుకుంటున్నాను, అందుకే వెళ్తున్నాను. అలా కోరుకోవడం లొంగిపోవడం కాదు. ఆ కోరికకు ఒక్క దారే ఉంచి, ఆ దారి గేటు దగ్గర నా పేరు తీసేసి ఫలానావారి తాలూకు అని రాయడం మీదే నా తగాదా.

సాహిత్యం కూడా ఈ గేటు దగ్గర ఆగలేదు. మన డయాస్పోరా కథల్లో భార్య విమానం దిగిన తర్వాతే కథ మొదలవుతుంది. మంచు, నిశ్శబ్దం, కిటికీ, అమ్మ ఫోను. ఆమె ఒంటరితనాన్నంతా వాతావరణం మీదకు నెట్టేశాం. ఆ కిటికీ దగ్గర ఆమెను కూర్చోబెట్టింది మంచు కాదు, ఒక వీసా వర్గం అని రాసిన కథలు ఎన్ని ఉన్నాయో విమర్శకులు లెక్కపెట్టి చూడండి. పోతం జానకమ్మ రాఘవయ్య ఇంగ్లండు వెళ్ళి వచ్చి 1876లో పుస్తకం వేసింది. చూసినదాన్ని తన కళ్ళతో చూసి తన మాటగా చెప్పింది. ఆ చూపును మన విమర్శ మళ్ళీ అందుకోవాలి.

కస్టమ్స్ కోసం ఇప్పుడు రెండు జాబితాలు రాస్తున్నాను. వెంట తెచ్చేవి, తర్వాత తెప్పించుకునేవి. ప్రతి వస్తువుకూ డాలర్లలో విలువ వేయాలి. బంగారానికి విలువ కట్టించుకుని ఫోటోలు తీసుకోమని అందరూ సలహా ఇచ్చారు. కుక్కరు, ఇడ్లీ పాత్ర, మిక్సీ ధరలు అందరికీ తెలుసు. 1930ల నాటి గృహలక్ష్మి సంచికల ఫోటోస్టాట్లకు ఎంత వేయను? ఇరవై మూడు కిలోల పెట్టెలు రెండు. ఆవకాయకు చోటు ఉంచమని అత్తయ్య, పుస్తకాలు తర్వాత పంపిస్తానని అమ్మ. ఆ ఫోటోస్టాట్లు నా మొదటి పెట్టెలో ఉన్నాయి, మొదటి జాబితాలో ఉన్నాయి.

చివరిగా, ఈ పత్రిక చదివేవారిని కొన్ని పనులు అడుగుతున్నాను. విదేశాలకు వెళ్ళే ప్రతి స్త్రీ తన ఫైలు తనే నింపుకోవాలి. పాస్‌వర్డు ఆమె దగ్గర ఉండాలి, ప్రతి సంతకానికీ ఒక నకలు ఆమె దగ్గర ఉండాలి. ఏ వీసాకు ఏ హక్కులు ఉంటాయో, విడిపోతే ఏమవుతుందో, హింస జరిగితే ఎవరికి చెప్పాలో తేట తెలుగులో ఒక చిన్న పుస్తకం స్త్రీల సంఘాలు వేయాలి. ఎన్నారై పెళ్ళిళ్ళ మీద 2019లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, 2024లో లా కమిషన్ నివేదిక ఇచ్చింది. ఆ రెండూ మన సభల్లో చర్చకు రావాలి. మన విశ్వవిద్యాలయాల్లో ఖాళీ పోస్టులను స్త్రీల వలస సమస్యలో భాగంగా చూడాలి, ఎందుకంటే అది నిజంగానే అందులో భాగం. పెళ్ళి మాటలప్పుడు 'అమ్మాయి ఎప్పుడు వెళ్తుంది?' అన్న ప్రశ్నతో పాటు 'అబ్బాయి ఎందుకు రాడు?' అన్న ప్రశ్నను కూడా ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు, వీలైతే మనమే, గట్టిగా అడగాలి.