నాలుగు చక్రాలూ, నలుగురు మనుషులూ

కారు కొన్న ఆరు నెలలకల్లా ఇంట్లో కుర్రవాళ్ళకు దాని చక్రాలు నచ్చడం మానేస్తాయి. కంపెనీవాడిచ్చిన ఇనుప చక్రాలు తీసేసి, తళతళలాడే అల్లాయ్ చక్రాలు వేయించాలంటారు. ఈ సంగతే రాజమండ్రి నుంచి ఒక సోదరి నాకు రాశారు. "మా అబ్బాయి 15 అంగుళాల చక్రాలకు బదులు 16 అంగుళాలవి బేరమాడి వచ్చాడు. వాటికి తగిన టైర్లు షాపువాడే చూస్తాడట. మేము ఏడుగురం ఏటా ఈ కారులోనే తిరుపతి వెళ్ళి వస్తూంటాం. భయం లేదు గదా?" అని ఆవిడ ప్రశ్న.

సోకు చేసుకోవడం తప్పని నేననను. అయితే చక్రాన్ని కంటికింపుగా వున్నదని ఎంచుకోవచ్చుగాని, టైరును అలా ఎంచుకోకూడదు. టైరు జాతకమంతా దాని పక్కగోడ మీదే అచ్చువేసి వుంటుంది. దాన్ని చదవడం నేర్చుకుంటే చాలు.

ఆవిడ కారు టైరు మీద 185/65 ఆర్ 15 88 హెచ్ అని వున్నదట. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులని. అంటే సుమారు 120 మిల్లీమీటర్లు. 'ఆర్' అంటే రేడియస్ అనుకుంటారు చాలామంది. కాదు, రేడియల్ రకం టైరని అర్థం. 15 అన్నది చక్రం వ్యాసం అంగుళాలలో. చివరి 'హెచ్' వేగానికి గుర్తు, గంటకు 210 కిలోమీటర్ల వరకు తట్టుకుంటుందని. ఇక మిగిలింది 88. ఎవరూ పట్టించుకోని అంకె అదే. ఒక టైరు 560 కిలోల వరకు మోయగలదని దాని అర్థం.

చక్రం పెద్దదైతే పక్కగోడ పొట్టిదవాలి. అప్పుడే మొత్తం ఎత్తు మారకుండా వుంటుంది. ఇప్పుడున్న టైరు మొత్తం ఎత్తు 621 మిల్లీమీటర్లు దాటి వున్నది. 16 అంగుళాల చక్రానికి 195/55 టైరు వేస్తే ఇంచుమించు అంతే వస్తుంది. 195/50 వేస్తే 601 మాత్రమే. కారు 10 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది; స్పీడోమీటరు 100 చూపిస్తూంటే కారు నిజంగా 97 వేగంతోనే పోతూంటుంది. మరీ ఎత్తయిన టైరు వేస్తే ఇందుకు తలక్రిందులు: ముల్లు చూపే వేగంకంటె ఎక్కువ వేగంతో పోతూంటారు. మొత్తం ఎత్తులో తేడా నూటికి రెండు మూడు పాళ్ళు దాటకూడదు.

ఎత్తు కుదిరింది గదా అని ఊరుకుంటే చాలదు. బరువు మోసేది రబ్బరు కాదమ్మా, లోపలి గాలి. రబ్బరు ఆ గాలిని పట్టివుంచే సంచి మాత్రమే. పక్కగోడ పొట్టిదైనకొద్దీ గాలికి చోటు తగ్గుతుంది, మోసే శక్తీ తగ్గుతుంది. 195/50 ఆర్ 16 టైరు మీద మామూలుగా వుండే అంకె 84. అంటే 500 కిలోలు. పాతదానికంటె 60 కిలోలు తక్కువ. నాలుగు టైర్లకూ కలిపి 240 కిలోలు. అంటే ఒక్కొక్క చక్రం దగ్గర ఒక మనిషిని దించేసినంత శక్తి పోయిందన్నమాట. మనుషులు మాత్రం దిగలేదు. ఏడుగురూ కారులోనే వున్నారు, పైన సామాను కూడా వున్నది.

ఊళ్ళో ఒక్కడే తిరుగుతున్నంతకాలం ఈ లోటు బయటపడదు. ఎండాకాలంలో నిండుబరువుతో గంటలకొద్దీ పోతూంటే టైరు పక్కలు అతిగా వంగుతూ లేస్తూ వేడెక్కుతాయి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు వేస్తే బరువు ముందు చక్రాల మీదికి వచ్చి పడుతుంది. మలుపులో బయటివైపు చక్రాల మీదికి ఒరుగుతుంది. కంపెనీవాడు 88 అని నిర్ణయించింది ఇవన్నీ చూసుకునే. పైగా గుంతలో పడినప్పుడు పొట్టి పక్కగోడ దెబ్బను ఆపలేదు. ఖరీదైన చక్రమే వంకరపోతుంది.

అంచేత ఆ అబ్బాయి 195/55 ఆర్ 16 అడగాలి. అందులోనూ రెండు రకాలు దొరుకుతాయి. 87 అంకె వున్నది 545 కిలోలే మోస్తుంది, అది వద్దు. 'ఎక్స్ ఎల్' అనే గట్టి రకం మీద 91 వుంటుంది, 615 కిలోలు. అయితే ఒక మెలిక వున్నది. యూరపు ప్రమాణం ప్రకారం మామూలు టైరు తన పూర్తి బరువును 36 పౌన్ల గాలితో మోస్తే, ఎక్స్ ఎల్ టైరుకు 42 పౌన్లు కావాలి. డ్రైవరు తలుపు దగ్గరుండే స్టిక్కరు పాత టైరుకు రాసింది. దాన్ని చూసి గాలి కొట్టిస్తే కొన్న శక్తి పూర్తిగా చేతికి రాదు. అలాగని 42 కొట్టించేయకండి. మీ కారు బరువుకు ఎంత గాలి కావాలో టైరు కంపెనీవారి పట్టికలో చూపించమనండి.

చక్రానికీ ఇటువంటి అంకె వుంటుంది. అల్లాయ్ చక్రం వెనకవైపు తిప్పి చూస్తే, మోయగల బరువు పోతపోసి వుండాలి. ఒక ఇరుసు మీద పడే గరిష్ఠ బరువులో సగానికి అది తగ్గకూడదు. ఏ అంకే లేని చక్రం ఎంత చవకగా వచ్చినా వద్దు. చక్రం వెడల్పు ఈ టైరుకు అయిదున్నర అంగుళాల నుంచి ఏడు దాకా వుండవచ్చు. బిగించాక స్టీరింగు రెండువైపులా చివరికంటా తిప్పి, టైరు ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకోవాలి. ఐ.ఎస్.ఐ. ముద్రా, తయారైన తేదీ కూడా చూడండి. 2325 అని వుంటే 2025లో 23వ వారమని అర్థం.

సోదరీ, మీ అబ్బాయి ముచ్చట కాదనకండి. కాని డబ్బు చెల్లించే రోజున మీరూ షాపుకు వెళ్ళండి. టైరు బిగించకముందే 88, అంతకు పైబడిన అంకె వున్నదో లేదో మీ కళ్ళతో చదవండి. లేకపోతే మొహమాటపడక వెనక్కి ఇప్పించండి.