మంటల్లోకి వెళ్లి తిరిగి రానివారి కుటుంబాల కోసం వినతిపత్రం

గౌరవనీయ తెలంగాణ రాష్ట్ర ముఖ్యమంత్రి గారికి,
ప్రతులు: విపత్తు స్పందన, అగ్నిమాపక సేవల శాఖ డైరెక్టర్ జనరల్ గారికి, రంగారెడ్డి జిల్లా కలెక్టర్ గారికి

విషయం: మంటలార్పే విధుల్లో మరణించినవారి కుటుంబాలకు హోదాతోనూ, ఉద్యోగం రకంతోనూ నిమిత్తం లేని శాశ్వత సహాయ విధానం కోరుతూ.

అయ్యా,

మేము శేరిలింగంపల్లి మండలం కొత్తగూడ కూడలి చుట్టుపక్కల అపార్టుమెంట్లలో, కాలనీల్లో ఉంటున్నవాళ్లం. మాలో చాలామంది ఎత్తయిన టవర్లలో కాపురముండి, పగలు అంతకన్నా ఎత్తయిన ఆఫీసుల్లో పనిచేస్తాం. నగరం ఏళ్లుగా నమ్ముకున్న బ్రాంటో స్కైలిఫ్ట్ 54 మీటర్లకు మించి లేవదు. ఆ పైన మంట పుడితే ఫైర్‌మన్ వీపున గాలి సిలిండరు తగిలించుకుని లోపలి నుంచే ఎక్కి రావాలి. 2023 జనవరిలో సికింద్రాబాద్ డెక్కన్ మాల్ తగలబడినప్పుడు, అది అంత ఎత్తు భవనం కాకపోయినా, పొగ తగిలి అగ్నిమాపక సిబ్బంది ఆసుపత్రి పాలయ్యారు. అలా వెళ్లిన మనిషి ఏ రోజైనా తిరిగి రాకపోతే ఆ ఇంటి గతేమిటన్నదే మా ప్రశ్న.

సాయం అసలు అందడం లేదని మేము అనడం లేదు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావు గారు విధుల్లో హత్యకు గురైనప్పుడు ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం, ఇంటి స్థలం, ఆయన పదవీ విరమణ వయసు వరకు పూర్తి జీతం ప్రకటించింది. మంచి పని. మేము కోరే కొలమానం కూడా అదే. అయితే అది ఆ ఒక్క కుటుంబం కోసం వెలువడిన నిర్ణయం. ఎండాకాలంలో అమ్రాబాద్, కవ్వాల్ అడవుల్లో నిప్పు రేగకుండా తిరిగే తాత్కాలిక ఫైర్ వాచర్‌కు అలాంటిదే జరిగితే, ఆయన భార్య ఏ కాగితం చూపించి ఇదంతా అడగగలదు?

శ్రీశైలం సంగతి ఇంకా బాధాకరం. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. అదుపు చేయబోయి లోపలే చిక్కుకున్నవారిలో తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లెవరూ అగ్నిమాపక శాఖ వాళ్లు కారు. ఏడుగురు జెన్‌కో వాళ్లు, ఇద్దరు ఒక ప్రైవేటు కంపెనీ నుంచి వచ్చినవాళ్లు. తొలి ప్రకటనలో డీఈ గారి కుటుంబానికి 50 లక్షలు, మిగిలినవారి కుటుంబాలకు 25 లక్షలు అన్నారు. ఒకే సొరంగంలో, ఒకే పొగలో పోయిన ప్రాణాలకు హోదాను బట్టి సాయం ఎందుకు మారాలో మాకు అర్థం కాలేదు.

అవుట్‌సోర్సింగ్ సిబ్బంది విషయానికొస్తే, ఈఎస్ఐ పరిధిలో ఉన్న ఉద్యోగి పనిలో మరణిస్తే ఆధారపడినవారికి సగటు వేతనంలో 90 శాతం దాకా నెలనెలా అందాలి. కానీ నెల జీతం 21 వేలు దాటితే ఈఎస్ఐ వర్తించదు. కాంట్రాక్టరు చందా సరిగా కట్టకపోతే ఆ కుటుంబం దినకర్మలు కాకముందే ఆఫీసుల చుట్టూ తిరగాలి. చందా కట్టారో లేదో సరిచూడాల్సింది వాళ్లను పనిలో పెట్టుకున్న శాఖే గానీ, భర్తను పోగొట్టుకున్న ఆడబిడ్డ కాదు.

నిబంధన మార్చడం సాధ్యమేనని ప్రభుత్వమే చూపించింది. 2004 సెప్టెంబరు తర్వాత చేరి సీపీఎస్‌లో ఉన్న ఉద్యోగులు సర్వీసులో చనిపోతే కుటుంబ పింఛను దక్కని పరిస్థితిని 2021లో సవరించింది. ఆ చేయి ఇంకొంచెం చాచమనే మా విన్నపం.

గాలిలోంచి మంటలార్పేవారి మాట కూడా ఇప్పుడే తేల్చాలి. 2014 మార్చిలో శేషాచలం అడవి అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు వచ్చాయి. సైనికుల కుటుంబాలకు వాళ్ల పింఛను నిబంధనలున్నాయి. రేపు ఆ పనే ప్రైవేటు సంస్థకు అప్పగిస్తే పైలట్ కుటుంబం ఎవరిని అడగాలి? 2020 జనవరి 23న ఆస్ట్రేలియాలో కార్చిచ్చు ఆర్పుతూ సీ-130 విమానం కూలి చనిపోయిన ముగ్గురు అమెరికన్లూ ఒక ప్రైవేటు సంస్థ సిబ్బందే. ప్రమాదం జరిగాక కాంట్రాక్టు తిరగేసే బదులు, సంతకానికి ముందే అందులో ఈ షరతు రాయించాలి.

కాబట్టి ఫైర్‌మన్, డ్రైవర్ ఆపరేటర్, స్టేషన్ ఫైర్ ఆఫీసర్, హైడ్రా విపత్తు సిబ్బంది, ఫైర్ వాచర్, కాంట్రాక్టు పైలట్, ఎవరైనా సరే, మంటలార్పే పనిలో మరణిస్తే ఒకే మొత్తం అందేలా జీవో ఇవ్వండి. తక్షణ సాయం అంత్యక్రియల నాటికే చేరాలి. పర్మనెంటు ఉద్యోగి అయితే విరమణ వయసు దాకా జీతం, కాంట్రాక్టు మనిషి అయితే దానికి సమానమైన నెలసరి సాయం ఇంటికి రావాలి. పిల్లల చదువు డిగ్రీ దాకా ప్రభుత్వమే చూడాలి. పొగ పీల్చి ఏళ్ల తర్వాత ఊపిరితిత్తులు పాడై పోయినవారినీ ఇందులో చేర్చాలి. లెక్కల్లోకి రాకుండా జారిపోయేది వీళ్లే.

నిధి ఎక్కడిదంటారా, ఎత్తయిన భవనాల ఫైర్ ఎన్‌ఓసీల రుసుములో కొంత భాగం దీనికి కేటాయించండి. ఆ భవనాల్లో ఉండేది మేమే. మా నిర్వహణ ఖర్చుల్లో నాలుగు రూపాయలు పెరిగినా అభ్యంతరం చెప్పం.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవు పేలుడులో బలైన అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకంగా ఏటా ఆ రోజు నుంచి వారోత్సవాలు జరుపుతున్నాం. వచ్చే వారోత్సవాల లోపు ఈ జీవో వెలువడేలా చూడాలనీ, మా ప్రతినిధులకు ఒకసారి సమయం ఇవ్వాలనీ కోరుతున్నాం.

ఇట్లు,
కొత్తగూడ, కొండాపూర్ పరిసర కాలనీల నివాసులు
(సంతకాలు జతచేశాం)