కుండీలో ముత్యాలసరం

ఈ మధ్య గృహప్రవేశాలకు వెళ్ళేవాళ్ళు స్టీలు గిన్నెలకు బదులు పూలకుండీలు పట్టుకెళ్ళటం ఒక ఆచారంగా స్థిరపడుతున్నది. మంచి ఆచారమే. అలా చేతులు మారుతున్న కుండీలలో ఒకటి చూడగానే ఎవరినైనా ఆపేస్తుంది. పచ్చని పూసలు దారానికి గుచ్చి అంచుమీదుగా జారవిడిచినట్టుండే చిన్న మొక్క అది. నర్సరీలవారు దాన్ని స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్ అంటారు. మనం ముత్యాలసరం అనుకుందాం. సముద్రం దగ్గర లేకపోయినా ముత్యాలకు పేరుపడ్డ హైదరాబాదులో ఆ పేరు ఎవరికీ కొత్తగా తోచదు.

తెచ్చినరోజున ఎంత ముద్దుగా వుంటుందో, మూడోనెల వచ్చేసరికి అంత దీనంగా తయారవుతుంది. పూసలు ఒక్కొక్కటే మెత్తబడి, పాలిపోయి, రాలిపోతాయి. దారం మాత్రం మిగులుతుంది. "రోజూ నీళ్ళు పోస్తూనే వున్నానే!" అంటుంది పాపం ఇల్లాలు. ఆ మాటలోనే జబ్బు బయటపడుతున్నది. ఇక పువ్వు సంగతి సరేసరి. అసలిది పూస్తుందనే చాలామందికి తెలియదు. పూస్తుంది. పైగా దాల్చినచెక్క వాసనతో పూస్తుంది. దాన్ని బతికించటం, ఆ తరువాత పూయించటం ఎలాగో ఈ వారం చూద్దాం.

దీని పుట్టిల్లు దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్ ప్రాంతం. మన చేమంతి, బంతి, పొద్దుతిరుగుడు వున్న కుటుంబమే దీనిదీనూ. అందులో సెనీషియో అనే పెద్ద శాఖ వున్నది. ఇంగ్లీషువారు గ్రౌండ్‌సెల్ అంటారు. లాటిన్ భాషలో సెనెక్స్ అంటే ముసలివాడు. పువ్వు వాడిన తరువాత గింజలకు తెల్లని వెంట్రుకల కుచ్చు వస్తుంది గనుక ఆ పేరు పెట్టారు. ఈ శాఖవారి బంధువర్గం ఆఫ్రికాలో ఎంత చిత్రమైనదంటే, కిలిమంజారో మీదా, కెన్యా పర్వతం మీదా నాలుగువేల మీటర్ల ఎత్తున చెట్లలాగా నిలువెత్తు దాటి పెరిగే గ్రౌండ్‌సెల్‌లు కూడా వున్నాయి. అక్కడ పగలు ఎండ, రాత్రి గడ్డకట్టే చలి. చీకటి పడగానే అవి కొసన వున్న పెద్ద పెద్ద ఆకులను మొగ్గలాగా ముడుచుకుని లోపలి లేతచిగురును కాపాడుకుంటాయి. ఆ మహాకాయులకూ, మన కుండీలోని పూసలదండకూ చుట్టరికం వున్నదంటే నవ్వు వస్తుంది గాని, నిజమే.

ముత్యాలసరానికి శాస్త్రనామం పెట్టినవాడు హెర్మన్ జాకబ్సన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు. ఇలాంటి రసవంతమైన ఆకుల మొక్కలను జన్మంతా పరిశీలించిన గోర్డన్ రౌలీ అనే బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞుడి పేరిట 1968లో సెనీషియో రౌలియానస్ అన్నాడు. ఆ తరువాత దాన్ని క్యూరియో అనే వేరే ఇంటికి మార్చారు. నర్సరీ చీటీమీద ఏ పేరున్నా కంగారుపడకండి. మొక్క ఒక్కటే.

మనం దాన్ని ఉట్టిలో పెట్టి వేలాడదీస్తున్నాం గాని, సొంతవూళ్ళో అది వేలాడదు. నేలమీద పాకుతుంది. రాళ్ళసందుల్లో, పొదల చాటున, కణుపు కణుపుకూ వేళ్ళు వేసుకుంటూ చాపలాగా అల్లుకుంటుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే దాని తిండీ తిప్పలూ సగం అర్థమైనట్టే. నేలను పాకేది కనుక వేళ్ళు లోతుకు పోవు. పొద నీడను పెరిగింది కనుక మిట్టమధ్యాహ్నపు ఎండను ఓర్వలేదు. రాళ్ళమధ్య పెరిగింది కనుక నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతుంది.

మనం పూస అంటున్నది నిజానికి ఆకు. ఆకులో దాచిన నీరు ఎండకు ఆవిరైపోకుండా వుండాలంటే ఉపరితలం ఎంత తక్కువ వుంటే అంత మంచిది. దానికి గుండ్రని ఆకారాన్ని మించినది లేదు. కాని గుండుగా వుంటే లోపలికి వెలుతురు పోయేదెట్లా? అందుకూ ఉపాయం వున్నది. ఒక పూసను వెలుతురుకు పట్టి చూడండి. దానిమీద నిలువుగా సన్నని గాజుగీత లాంటిది కనిపిస్తుంది. అది కిటికీ. ఆ కిటికీగుండా వెలుతురు ఆకు కడుపులోకి వెళ్ళి అక్కడ వంట సాగిస్తుంది. పిల్లలకు చూపించదగ్గ వింత ఇది. ఒక్క పూసతో ఒక పాఠం అయిపోతుంది.

అంటే ఏమన్నమాట? మొక్కలో ఎన్ని పూసలున్నాయో అన్ని నీళ్ళకుండలు ముందే నిండివున్నాయి. వాటిమీద మనం రోజూ చెంబుతో పోస్తూంటే వేళ్ళకు ఊపిరాడదు. అంచేత తేదీ చూసి నీళ్ళు పోయకండి, పూసను చూసి పొయ్యండి. రెండు వేళ్ళమధ్య మెల్లగా నొక్కితే బఠాణీ గింజలాగా గట్టిగా వుంటే దానికి దాహం లేదు. కాస్త మెత్తగా, పైన సన్నని ముడత పడినట్టు తోస్తే అప్పుడు నీళ్ళు కావాలి. పోసినప్పుడు మాత్రం పిసినారితనం పనికిరాదు. అడుగు చిల్లునుంచి కారేదాకా పోసి, కింది పళ్ళెంలో నిలిచినది పారబొయ్యాలి.

ఇక్కడ ఒక మెలిక వున్నది. నీళ్ళు లేకపోయినా పూస ముడుచుకుంటుంది. నీళ్ళు ఎక్కువై వేళ్ళు కుళ్ళినా ముడుచుకుంటుంది. కుళ్ళిన వేరు నీరు తాగలేదు గదా! ముడతలు చూసి "అయ్యో, దాహం" అని మరో చెంబు పోశారా, ఆ మొక్క ఆయువు తీరినట్టే. అగరుబత్తి కాలిపోయాక మిగిలే పుల్లను మట్టిలోకి దించి తీయండి. పుల్ల పొడిగా వచ్చి పూస ముడతపడి వుంటే నీళ్ళు పొయ్యండి. పుల్లకు తడిమట్టి అంటుకుని వుండగా పూస ముడతపడితే వెంటనే కుండీ బోర్లించి వేళ్ళు చూడండి.

సాధారణంగా నర్సరీలనుంచి వచ్చే మొక్క కొబ్బరిపీచు పొడిలో వుంటుంది. కడియం నర్సరీలనుంచి లారీలమీద దూరాలకు పోయే మొక్కలకు అది తేలిక, తడి ఆరదు. వారికి అదే సౌకర్యం. ఇంటికి వచ్చాక మనకు అదే గండం. వారం పదిరోజులు మీ ఇంటి గాలికి అలవాటు పడనిచ్చి, మట్టి మార్చండి. ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసక, ఒక పాలు చిన్న చిన్న ఇటికముక్కలు, బాగా చివికిన పేడఎరువు ఒక గుప్పెడు చాలు. నాలుగైదు అంగుళాల లోతున్న మట్టికుండీ శ్రేష్ఠం. పింగాణీ తొట్లు అందంగా వుంటాయి నిజమే, అడుగున చిల్లు లేకపోతే మాత్రం ఆ అందం మొక్కకు అక్కరలేదు.

ఎక్కడ వుంచాలి? తూర్పు వసారా దొరికితే అదృష్టం. ఉదయం రెండుగంటల లేతయెండ, తక్కిన రోజంతా నిండు వెలుతురు. చాలామంది చేసే పని ఏమిటంటే, ఉట్టిని కప్పుకు ఆనించి ఎత్తుగా కడతారు. కింద వేలాడే దారాలకు వెలుతురు తగులుతుంది గాని, కుండీ పైభాగం చీకట్లో వుండిపోతుంది. కొన్నాళ్ళకు నడినెత్తిన బట్టతల వస్తుంది. చూపుకు సమానమైన ఎత్తులో, మట్టిమీదికి కూడా వెలుతురు పడేటట్టు కట్టండి. బట్టతల ఇప్పటికే వచ్చివుంటే, పొడుగాటి దారం ఒకదాన్ని పైకి తెచ్చి మట్టిమీద చుట్టగా పరిచి, జడకు పెట్టుకునే పిన్నులతో అక్కడక్కడ అదిమిపెట్టండి. మట్టి తగిలిన కణుపులన్నీ వేళ్ళు వేస్తాయి.

మన ఎండాకాలం దీనికి కష్టకాలం. రోహిణికార్తె వేడికి మొక్క పెరగటం మానేసి ఊపిరి బిగబట్టుకుని వుంటుంది. ఎండిపోతుందేమోనని రెట్టింపు నీళ్ళు పోసేవాళ్ళున్నారు. వేడి, తడి కలిస్తే కుళ్ళు ఇంకా తొందరగా వస్తుంది. నీడకు మార్చి, సాయంత్రం చల్లబడ్డాక, అవసరమైనప్పుడే పొయ్యండి. ఆషాఢ శ్రావణాలలో వాన తగలనివ్వవద్దు. వానచుక్క పవిత్రమే కావచ్చు గాని ఈ మొక్కకు వద్దు. చూరు కింద గాలి ఆడే చోట వుంచితే, ముసురు రోజుల్లో రెండుమూడు వారాలు నీళ్ళు పోయకపోయినా ఏమీ కాదు. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో గాలిలోనే తేమ ఎక్కువ గనుక మరీ జాగ్రత్త కావాలి.

పువ్వు కావాలనుకునేవాళ్ళకు అసలు రోజులు కార్తీకం నుంచి మొదలు. దీన్ని పూయించేవి ప్రధానంగా మూడు: చల్లని రాత్రులు, మంచి వెలుతురు, కొంచెం దాహం. రాత్రిపూట పది పదిహేను డిగ్రీల చల్లదనం కొన్ని వారాలపాటు తగిలితే మొగ్గ తొడగటానికి అనుకూలం. హైదరాబాదు, మదనపల్లె, బెంగుళూరులలో వున్న మనవారికి ఆ సౌకర్యం సహజంగా వున్నది. బెజవాడ, రాజమండ్రివారికి చలి అంత చాలదు. అయినా నిరాశ వద్దు; రాత్రిళ్ళు గదిలో తలుపులు బిగించి వుంచక, బయటి వసారాలో వుంచి చూడండి. మంచు కురిసే రోజుల్లో చూరు కిందికి జరిపితే సరి. ఈ కాలంలో పూస రెండు వేళ్ళకూ మెత్తగా తగిలాక మరో రెండుమూడు రోజులు ఆగి నీళ్ళు పొయ్యాలి. ఎరువు మాట ఎత్తవద్దు. బలమైన ఎరువు వేస్తే దారాలు బారెడు సాగుతాయి, పువ్వు మాత్రం రాదు.

అదృష్టం బాగుంటే మార్గశిర పుష్యమాసాలలో దారాల పక్కనుంచి సన్నని కాడలు పైకి లేస్తాయి. అన్నీ కిందికి జారే మొక్కలో ఏదో పైకి లేస్తూంటే అది మొగ్గ అని గుర్తు. కలుపు అనుకుని గిల్లేసేవారు! మొగ్గ కనిపించాక తిరిగి మామూలుగా నీళ్ళు పొయ్యండి, కుండీని అటూ యిటూ తిప్పకండి. పువ్వు అరంగుళం వుంటుంది. చేమంతికి వున్నట్టు చుట్టూ రేకులుండవు. సన్నని గొట్టాల్లాంటి పూవులన్నీ ఒకచోట చేరి తెల్లని కుంచెలాగా కనిపిస్తాయి. అందులోనుంచి ముదురురంగు కేసరాలు తొంగిచూస్తూంటాయి. ఎదురుగా పెట్టి చూస్తే గొప్ప పువ్వేమీ కాదు. మల్లె ముందు, సంపెంగ ముందు ఇది నిలవదు. కాని దగ్గరికి వంగితే వంటింటి పోపులపెట్టె తెరిచినట్టు ఘుమఘుమ వస్తుంది. దాల్చినచెక్క అంటారు కొందరు, లవంగం అంటారు కొందరు. మా ఓటు దాల్చినచెక్కకే.

ఆ లేతకాడలకు పేనుబంక పట్టవచ్చు. మెత్తని కుంచెతో దులిపేస్తే చాలు. పూసల సందుల్లో దూదిలాంటి తెల్లని పిండినల్లి కనిపిస్తే, స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కదాన్నీ తుడవాలి. ఓపిక కావాలి గాని మందులు చల్లనక్కరలేదు.

మరొక మాట, ఇది పెద్దవాళ్ళందరూ శ్రద్ధగా వినవలసినది. ఈ పూసలు చూడటానికి పచ్చిబఠాణీల్లాగా వుంటాయి. పాకే పిల్లలకు అవి ఊరించే వస్తువులు. తింటే విషం. వాంతులు, విరేచనాలు కలుగుతాయి. పిల్లులకూ, కుక్కలకూ కూడా మంచిది కాదు. తుంచినప్పుడు కారే రసం కొందరి చర్మానికి పడక దురద పుడుతుంది. బోసినవ్వుల బుడతడున్న ఇంట్లో దీన్ని అందనంత ఎత్తునైనా కట్టండి, లేదా వాడికి నాలుగైదేళ్ళు వచ్చేదాకా పక్కింటి పిన్నిగారికి అప్పగించండి. రాలిన పూసలను రోజూ ఊడ్చెయ్యటం మరవద్దు. ఉట్టి ఎంత ఎత్తున వున్నా, రాలినవి నేలమీదే గదా పడేవి. ఒకవేళ బిడ్డ నోట పెట్టుకున్నాడని తెలిస్తే ఇంటివైద్యాలు మొదలుపెట్టక, తిన్నది ఏ మొక్కో చెప్పటానికి ఒక దారం చేత పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

వేళ్ళు కుళ్ళిన మొక్కను పూర్తిగా వదులుకోనక్కరలేదు. గట్టిగా వున్న దారాలను నాలుగంగుళాల పొడుగున కత్తిరించి, ఒకరోజంతా నీడను ఆరనివ్వండి. కత్తిరించిన చోటు ఆరకముందే మట్టిలో పెడితే మళ్ళీ అదే తంతు. తరువాత ఇసక ఎక్కువ కలిపిన మట్టిమీద పరిచి, పిన్నులతో అదిమి, మూడునాలుగు రోజులకొకసారి పైపైన నీళ్ళు చిలకరించండి. కొద్ది వారాల్లో వేళ్ళు పట్టుకుంటాయి. మెల్లగా లాగితే రాకుండా బిగిసివుంటే వేళ్ళు వచ్చినట్టు. ఈ పనికి దసరా తరువాతి రోజులు మేలు. ఒక్క దారం నుంచి మూడు కుండీలు తయారుచేసుకోవచ్చు.

పువ్వులు వాడి తెల్లకుచ్చులు తేలగానే ఆ కాడలను మొదలంటా కత్తిరించండి. గింజలకోసం చూస్తూ కూర్చోవద్దు. మన ఇళ్ళలో గింజనుంచి మొలిపించటం శ్రమే తప్ప లాభం లేదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గదా, అప్పటినుంచే కుండీని కొంచెం కొంచెంగా లోపలి నీడకు జరుపుకుంటూ రండి.